మూడు నెలల కరెంటు ఒక్క నెలలో కాలుతుందా?

సంపాదకులకు నమస్కారం.

పదకొండేళ్లు అద్దెకున్న ఇల్లు ఖాళీ చేసి, జూలై 1న విజయవాడ సత్యనారాయణపురం నుంచి గుంటూరు బ్రాడీపేటకు వచ్చేశాం. సామాను లారీకి ఎక్కించేటప్పుడు కూడా నేను నిబ్బరంగానే ఉన్నాను. పది రోజుల తరువాత పాత ఇంటి యజమాని ఫోను చేసి, ఆఖరి కరెంటు బిల్లు 4,386 రూపాయలు వచ్చిందనీ, మా అడ్వాన్సులోంచి తగ్గించుకుంటున్నాననీ చెప్పినప్పుడు మాత్రం గుండె కలుక్కుమంది. మాకున్నవి రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, ఒక కూలరు, ఒక టీవీ. రోహిణి కార్తెలో రాత్రంతా కూలరు తిరిగినా మా బిల్లు వెయ్యికి అటూ ఇటూగానే ఉండేది.

మీటరు తప్పు తిరిగిందని నేను అనడం లేదు. యూనిట్ల లెక్కలో ఒక్క అంకె తేడా లేదు. ఆ మాట ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, మా వంటింటి తలుపు వెనక క్యాలెండరు మీద పాల లెక్కతో పాటు, గ్యాస్ బండ మార్చిన తేదీతో పాటు, ప్రతి నెలా మీటరు అంకె కూడా పెన్సిలుతో రాసుకుంటాను. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన మావారు దీన్ని నా చాదస్తం అంటారు. ఏప్రిల్ 2న 11,208. మే 2న 11,386. జూన్ 2న 11,582. ఇల్లు ఖాళీ చేసిన రోజు 11,748. అంటే వరసగా 178, 196, 166 యూనిట్లు. మొత్తం 540. బిల్లులోనూ 540 అనే ఉంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కింది వాటాలో ఉండే యజమాని ఏప్రిల్‌లో కూతురి పురిటికని హైదరాబాద్ వెళ్తూ వరండా గ్రిల్లుకు తాళం వేశారు. మెట్ల కింది మీటర్లు రెండూ ఆ గ్రిల్లు లోపలే ఉన్నాయి. నేను కమ్మీల మధ్య నుంచి చెయ్యి దూర్చి ఫోనుతో ఫొటో తీసి అంకె చూసుకునేదాన్ని. రీడింగు తీసే అబ్బాయి మిషను మాత్రం మీటరుకు దగ్గరగా పెడితే గానీ పట్టదట. రెండు నెలలు తాళం అని నమోదు చేసి, కనీస ఛార్జీ కాగితం గ్రిల్లులో దోపి వెళ్లాడు. ‘బాబూ, అంకె నేను చెబుతాను రాసుకో’ అంటే, ‘మీరు చెప్పింది మిషను తీసుకోదు ఆంటీ’ అన్నాడు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు? ఎండలో వందల గడపలు తిరగాలి.

జూలైలో తాళం తీశాక మూడు నెలల యూనిట్లనూ ఒకే నెలలో కాల్చినట్టు బిల్లు వేశారు. మన స్లాబులు, అంటే నెల వాడకం పెరిగేకొద్దీ యూనిటు ధర పెరిగే మెట్లు, ఇలా ఉన్నాయి. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75. నేను ఏ నెలా 225 దాటలేదు. నెలనెలా లెక్కిస్తే నా మూడు నెలల వాడకం ఖరీదు 735, 843, 663 కలిపి 2,241 రూపాయలు. అదే 540 యూనిట్లను ఒక్క నెల కింద కట్టేసరికి 3,913 రూపాయల 25 పైసలైంది. అదే కరెంటుకు, అదే మీటరు మీద, 1,672 రూపాయల పావలా అదనం! ఇంధన సర్దుబాటు, సుంకం వగైరాలు వేరే. వాటి జోలికి నేను పోవడం లేదు. స్లాబులు నిర్ణయించిందే నెలవారీ వాడకానికి. మూడు నెలల రీడింగు ఒకేసారి తీస్తే స్లాబుల హద్దులు కూడా మూడింతలు కావాలి కదా?

ఈ మాట అడగడానికి రెండుసార్లు బస్సెక్కి బెజవాడ వెళ్లాను. కరెంటాఫీసు కౌంటరులో ఉన్నాయన నా లెక్క మొదటి వరస కూడా చూడకుండా, ‘సర్వీసు మీ పేరున లేదు కదమ్మా, ఓనరును రమ్మనండి’ అన్నారు. ఓనరు రారు. కింది వాటాలో కొత్తగా పెట్టిన ఏసీలు రెండున్నాయి, లోడు, అంటే ఆ ఇంటికి అనుమతించిన కరెంటు పరిమితి, సంగతి ఎవరైనా అడుగుతారేమోనని ఆయన భయం. పైగా డబ్బు పోయేది ఆయనది కాదాయె.

2003 విద్యుత్ చట్టంలో వినియోగదారు అంటే సొంత వాడకానికి కరెంటు పొందే వ్యక్తి అనే ఉంది. సర్వీసు ఎవరి పేరున ఉందన్న ప్రస్తావన ఆ నిర్వచనంలో లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడిగితే ప్రత్యేకంగా రీడింగు తీసి తుది బిల్లు ఇవ్వాలని 2020 నాటి వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి. ఆ సంగతి నాకు ఇల్లు ఖాళీ చేశాకే తెలిసింది. తెలిస్తే జూన్‌లోనే కాగితం రాసిచ్చేదాన్ని. బిల్లు వెనక అంత జాగా ఉంటుంది, అద్దె ఇళ్లవారి కోసం ఈ ఒక్క వాక్యం అచ్చు వేస్తే ఏం పోతుంది? తాళం పడిన నెలల యూనిట్లను నెలలకు పంచి స్లాబు వేయడం కంప్యూటర్‌కు క్షణం పని. దానికి మాలాంటివాళ్లు ఆఫీసుల మెట్లెక్కాలా?

‘పదహారు వందల కోసం ఇంత తిరుగుడెందుకమ్మా’ అని మా అబ్బాయి విసుక్కుంటున్నాడు. అయినా వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు నా పేరుతోనే అర్జీ పెట్టాను. అక్కడ కాకపోతే ఆ వేదిక తీర్పు మీద అప్పీలు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

క్యాలెండరు కాగితాల జిరాక్సులు ఈ లేఖతో పంపుతున్నాను. పెన్సిలు రాత కావడంతో పాల లెక్క మసకగా పడింది. మీటరు అంకెలు మాత్రం కనిపిస్తున్నాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.