అట్టడుగు నుంచి మొదలైన సీజన్

సెయింట్ లూయిస్,
2025 నవంబరు

చిరంజీవి చిట్టితల్లికి,

అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను, నాన్న, తమ్ముడు క్షేమంగా ఉన్నాము. బోస్టన్‌లో అప్పుడే చలి ముదిరిందని విన్నాను. రింకు నుంచి తడి జుట్టుతో బయటికి రావద్దు.

ఆదివారం రాత్రి నువ్వు ఫోనులో చెప్పిన మాటలు నన్ను ఇన్ని రోజులైనా వదలలేదు. కాలేజీ ఐస్ హాకీ జట్టులోని ముగ్గురు గోల్‌కీపర్లలో నువ్వు మూడోదానివని, ఇంతవరకు ఒక్క మ్యాచ్‌లోనూ నిన్ను దింపలేదని, తక్కినవాళ్ళు షాట్లు కొట్టి చేయి తిప్పుకోవడానికే నిన్ను నెట్ ముందు నిలబెడుతున్నారని చెప్పి, ఈ చలికాలంతో ఆట మానేస్తానన్నావు. మానడమా, కొనసాగించడమా అన్నది నీ నిర్ణయం. నీ ఒంటి మీది దెబ్బలు నాకు తగలవు కనుక అందులో నేను తలదూర్చను. అయితే ఫోను పెట్టేసే ముందు, "మన బ్లూస్‌కి పట్టినట్టు అందరికీ అదృష్టం పట్టదమ్మా" అన్నావు చూడు, ఆ మాటను మాత్రం ఒప్పుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. 2019 జూన్‌లో మన ఊరి హాకీ జట్టు బ్లూస్ కప్పు గెలిచినప్పుడు నీకు పన్నెండేళ్ళు. మార్కెట్ వీధిలో జరిగిన ఊరేగింపు, వెండి కప్పు, గొంతు పోయేదాకా నువ్వు వేసిన కేకలు నీకు బాగా గుర్తుండి ఉంటాయి. అంతకుముందు గడిచిన చలికాలం నీకు గుర్తుండే అవకాశం లేదు. రాత్రి పదకొండు దాకా టీవీ ముందు కూర్చున్నది నేనూ నాన్నా; నువ్వు నిద్రపోయేదానివి.

సీజను మొదలయ్యేటప్పుడు ఊరంతా ఆశతోనే ఉంది. 2018 జులై 1న బఫలో జట్టు నుంచి ర్యాన్ ఓరైలీని తెచ్చుకున్నారు. అంతకు మూడు నెలల ముందే, ఓటమి మీద ఓటమి చూసి చూసి ఒక్కొక్కసారి తనకు ఆట మీద ఇష్టమే పోయిందని అతను విలేకరుల ఎదుట ఒప్పుకున్నాడు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన ప్యాట్ మరూన్, తన కొడుకు ఇక్కడే ఉంటున్నాడని, ఒక్క ఏడాది ఒప్పందానికి ఒప్పుకొని వచ్చాడు. ఇంతమంది వచ్చినా జట్టు కుదురుకోలేదు. నవంబరు 19న కోచ్ మైక్ యోను తొలగించి, క్రెయిగ్ బెరూబీని తాత్కాలికంగా ఆ స్థానంలో పెట్టారు. డిసెంబరు 10న ప్రాక్టీసులో రాబర్ట్ బోర్టూజో, జాక్ శాన్‌ఫర్డ్ గ్లవ్స్ విసిరేసి ఒకరినొకరు కొట్టుకున్నారు. అందరూ ఆ వీడియో చూసి జట్టు పని అయిపోయిందన్నారు. నాకు మాత్రం శాన్‌ఫర్డ్ తండ్రి ఆ సెప్టెంబరులోనే, శిక్షణ శిబిరం సాగుతుండగా, హఠాత్తుగా పోయాడన్న సంగతే మనసులో మెదిలింది. 2019 జనవరి 3 ఉదయానికి బ్లూస్ 37 మ్యాచులు ఆడి, 15 గెలిచి, 34 పాయింట్లతో లీగులోని 31 జట్లలో అన్నిటికన్నా కింద ఉంది. మీ నాన్న స్కోరు చూడడం కూడా మానేశారు.

ఇక జోర్డన్ బినింగ్టన్ సంగతి. నువ్వు గదిలో అతని 50వ నంబరు చొక్కా వేలాడదీసుకున్నావు గాని, ఆ చొక్కా అతనికి ఎంత ఆలస్యంగా దక్కిందో ఎప్పుడూ అడగలేదు. జట్లన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2011లో, మూడో రౌండులో, 88వ పేరుగా అతన్ని బ్లూస్ ఎంచుకుంది. ఏడేళ్ళు దాటినా అతను బ్లూస్ ఆడే పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో మ్యాచ్‌ను ఒక్కసారైనా మొదటి నిమిషం నుంచి ఆడలేదు. 2017-18లో బ్లూస్‌కు సొంతంగా కింది స్థాయి జట్టు లేకపోవడంతో, తమ గోల్‌కీపర్లను ఎక్కడ చోటు దొరికితే అక్కడికి అరువు పంపవలసి వచ్చింది. అలా అతను బోస్టన్ బ్రూయిన్స్‌కు చెందిన ప్రావిడెన్స్ జట్టులో ఆడాడు. నీ కాలేజీ నుంచి రైల్లో గంట దూరంలోనే ఉంది ఆ ఊరు. మరుసటి ఏడాది అతన్ని శాన్ ఆంటోనియోలోని కింది స్థాయి జట్టుకు పంపారు. పైన, బ్లూస్‌లో, గోల్‌కీపర్లుగా జేక్ ఆలెన్, చాడ్ జాన్సన్ ఉన్నారు. కింద, తనకన్నా చిన్నవాడైన విల్లే హుస్సోనే రాబోయే గోల్‌కీపరని అందరూ అనుకుంటున్నారు. అంటే వరుసలో అతనిది నాలుగో స్థానం, నీకన్నా ఒకటి వెనక. డిసెంబరులో జాన్సన్ వేరే జట్టుకు వెళ్ళిపోయాడు, హుస్సో గాయపడ్డాడు, అప్పుడు గాని ఇతనికి పిలుపు రాలేదు. జనవరి 7న ఫిలడెల్ఫియాలో నెట్ ముందు నిలిచి, వచ్చిన 25 షాట్లనూ ఆపాడు. బ్లూస్ 3-0తో గెలిచింది.

ఇద్దరు తప్పుకోవడమే కదా అదృష్టం అంటావేమో. అవును, తలుపు తెరుచుకోవడంలో అతని ప్రమేయం లేదు. కాని ఆ రాత్రి ఆపిన 25 షాట్లు ఆ రాత్రి నేర్చుకున్నవి కావమ్మా. పోస్టు పక్కన మోకాలు ఎక్కడ ఆనించాలో, గుంపులోంచి వచ్చే ఆ రబ్బరు బిళ్ళను, పక్‌ను, ఎలా కనిపెట్టాలో, పెద్దగా ఎవరూ చూడని ఊళ్ళలో, అరువు వెళ్ళిన జట్టులో అతను అభ్యాసం చేసి ఉంచుకున్నవే అవి.

ఆ తరవాత జనవరి 23 నుంచి ఫిబ్రవరి 19 దాకా జట్టు వరసగా 11 మ్యాచులు గెలిచింది. జనవరి 3 తరవాత మిగిలిన 45 మ్యాచుల్లో 30 గెలిచి, 99 పాయింట్లతో, కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్ చేరింది. అక్కడ ప్రతి రౌండులో ముందుగా నాలుగు మ్యాచులు గెలిచినవాళ్ళే దాటుతారు. మొదటి రౌండులో విన్నిపెగ్‌ను ఆరు మ్యాచుల్లో దాటింది.

రెండో రౌండులో డల్లాస్‌తో మే 7న ఆడిన ఏడో మ్యాచ్‌ను నువ్వు ఇప్పుడు, గోల్‌కీపరు కళ్ళతో, మళ్ళీ చూడాలని నా కోరిక. డల్లాస్ నెట్ ముందున్న బెన్ బిషప్ కూడా సెయింట్ లూయిస్‌లో పెరిగినవాడే. ఆ రాత్రి అతను 52 షాట్లు ఆపాడు. స్కోరు సమమై అదనంగా ఆడించిన రెండో ఓవర్‌టైములో, అతని వెనక పడి ఉన్న పక్‌ను మరూన్ లోపలికి నెట్టడంతో మ్యాచ్ ముగిసింది. మన ఊరి వాడే గెలిపించాడు, మన ఊరి వాడే ఓడిపోయాడు. ఊరు ఊరంతా గంతులేస్తుంటే నేను బిషప్ తల్లిని తలుచుకొని కాసేపు వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. గోల్‌కీపరును కన్నవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ.

మూడో రౌండులో శాన్ హోజేతో మూడో మ్యాచ్‌లో, నిబంధనలకు విరుద్ధంగా చేత్తో అందించిన పక్ మీదనే ఓవర్‌టైములో మనకు గోలు పడింది. రిఫరీలు అది చూడలేదు, ఆ నిర్ణయాన్ని సమీక్షించే నిబంధన అప్పటికి లేదు. అది అన్యాయమేనని నేను ఇప్పటికీ అంటాను. మన వాళ్ళు ఆ తరవాతి మూడు మ్యాచులూ 2-1, 5-0, 5-1తో గెలిచి దాటారు.

ఫైనల్ బోస్టన్‌తో. 1968, 1969, 1970లలో ఆడిన మూడు ఫైనళ్ళలో పన్నెండుకు పన్నెండు మ్యాచులూ ఓడిన జట్టు మనది. ఈసారి మొదటిదీ ఓడింది. రెండో మ్యాచ్‌లో కార్ల్ గన్నర్సన్ ఓవర్‌టైములో కొట్టిన గోలుతో, జట్టు చరిత్రలోనే ఫైనల్లో తొలి గెలుపు దక్కింది. మూడో మ్యాచ్ మన ఊళ్ళో జరిగింది. 19 షాట్లకు అయిదు గోల్స్ పడ్డాక బినింగ్టన్‌ను మధ్యలోనే బయటికి పిలిచారు. మనం 2-7తో ఓడాము. ఇరవై వేల కళ్ళ ఎదుట నెట్ వదిలి, ముసుగు తీసి, బెంచీ దాకా అతను నడిచిన ఆ కాసిన్ని అడుగులు నాకు కప్పు ఎత్తిన క్షణం కన్నా బాగా గుర్తున్నాయి. నాలుగో మ్యాచ్‌లో బెరూబీ మళ్ళీ అతన్నే దింపాడు, గెలిచారు. అయిదోదీ గెలిచారు. ఆరోది ఇంటిదగ్గరే 1-5తో పోయింది.

జూన్ 12న నువ్వు ఇప్పుడున్న ఊళ్ళో ఏడో మ్యాచ్ జరిగింది. ఆటలోని మూడు భాగాల్లో మొదటి పీరియడ్‌లో బోస్టన్ పన్నెండు షాట్లు కొట్టింది, మనవి నాలుగు. ఆ పన్నెండూ బినింగ్టన్ ఆపాడు. మన నాలుగులో ఓరైలీది ఒకటి, పీరియడ్ ముగియడానికి ఎనిమిది సెకన్లు ఉండగా మన కెప్టెన్ పీట్రాంజెలోది ఒకటి లోపలికి వెళ్ళాయి. చివరికి 4-1. నాలుగో గోలు శాన్‌ఫర్డ్‌ది, మసాచుసెట్స్‌లోనే పుట్టిన ఆ పిల్లవాడిది. ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ ఓరైలీకి వచ్చింది. ఆట మీద ఇష్టం పోయిందని చెప్పుకున్నవాడికి. 1967లో లీగులో అడుగుపెట్టిన జట్టుకు అదే తొలి స్టాన్లీ కప్పు, నువ్వు ఊరేగింపులో చూసిన ఆ వెండి కప్పు.

నువ్వు మ్యాచ్‌లో ఆడావా లేదా అని ఇకమీదట నేను ఫోనులో అడగను. ప్రాక్టీసులో నీ మీదికి గట్టిగా కొట్టేది ఎవరు, ఎడమ వైపు కిందుగా వచ్చేవి ఇప్పటికీ జారిపోతున్నాయా, మొదటి గోల్‌కీపరు నిలబడే తీరులో నీకు నచ్చింది ఏమిటి, ఇవి రాయి. డిసెంబరులో ఇంటికి ఏ తేదీకి వస్తున్నావో నాన్న అడగమన్నారు. నీ పాత లెగ్‌ప్యాడ్ల పట్టీలు తెగిపోతే కుట్టించి, ఎండబెట్టి, నీ గదిలోనే ఉంచాను.

ఆశీస్సులతో,
అమ్మ