శుభలేఖ వివరాలు ఇకనుంచి ఒకే ఫారంలో ఎందుకు అడుగుతున్నామంటే

మా కస్టమర్లందరికీ నమస్కారం.

చిక్కడపల్లిలో మా ప్రింటింగ్ ప్రెస్‌కు ఏళ్ల తరబడి వస్తున్న మీ అందరికీ ఒక విషయం దాచకుండా చెప్పాలి. పోయిన మాఘమాసంలో ఎల్బీనగర్ వైపు ఒక కుటుంబానికి మేము 500 శుభలేఖలు తప్పు ఫంక్షన్ హాల్ పేరుతో అచ్చువేసి ఇచ్చాం. హాలు మారిందని వాళ్లు మాకు చెప్పారు. పెళ్లికూతురి మేనమామ రాత్రి పదిన్నరకు మా తమ్ముడి ఫోనుకు వాట్సాప్ పెట్టారు. తమ్ముడు మర్నాడు పొద్దున్నే ఊరెళ్లాడు. కార్డుల మ్యాటర్ కంప్యూటర్‌లో టైప్ చేసే డీటీపీ ఆపరేటర్ దగ్గరున్నదేమో అంతకు నాలుగు రోజుల ముందు నా ఫోనుకు వచ్చిన మ్యాటర్. కార్డులు మళ్లీ వేసిచ్చాం, డబ్బులు తీసుకోలేదు. కానీ అప్పటికే బొట్టు పెట్టి పంచేసిన కార్డులు అరవై దాకా ఉన్నాయి. ఆ ఇంటి పెద్దాయన ఒక్కొక్కరికీ ఫోన్ చేసి హాలు మారిందని చెప్పుకోవలసి వచ్చింది. కూతురి పెళ్లి ముందు ఆయనకు అంత టెన్షన్ మా వల్లే వచ్చింది.

ఇలాంటిది మళ్లీ జరగకూడదని ఒక సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. వర్క్‌ఫ్లో అంటారు దాన్ని. ఆర్డర్ రావడం, టైపింగ్, ప్రూఫ్ (అచ్చుకు ముందు చూసుకునే నమూనా), కస్టమర్ ఓకే చెప్పడం, ప్లేట్ (అచ్చు రేకు), ప్రింటింగ్, ఫాయిల్ (మెరుపు అద్దడం), డెలివరీ, ఇలా ఎనిమిది మెట్లు పెట్టారు. ఒక మెట్టు దగ్గర ఎవరో ఒకరు బటన్ నొక్కితే తప్ప పని తర్వాతి మెట్టుకు వెళ్లదు. వినడానికి ఎంతో పద్ధతిగా అనిపించింది. ఏడాది చందా ముందే కట్టేశాను.

మీలో చాలామందికి దానితో ఇబ్బంది అయిందని నాకు తెలుసు. ప్రూఫ్ చూడాలంటే లాగిన్, ఓటీపీ, పాస్‌వర్డ్. "కార్డు బాగుందని చెప్పడానికి ఇన్ని ఎందుకు బాబూ?" అని ఒక పెద్దమ్మ నన్ను అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మా వాళ్ల పరిస్థితీ అంతే. మిషన్ మీద నిలబడ్డ మనిషి ఇంకు చేతులతో ఫోన్ తీసి బటన్ నొక్కడు. సాయంత్రం అన్ని బటన్లూ ఒకేసారి నొక్కేవారు. మార్పులు మాత్రం ఎప్పటిలాగే వాట్సాప్‌లో, నాలుగు ఫోన్లకు వస్తూనే ఉన్నాయి. ఆమోదం అయిపోయిందని స్క్రీన్ మీద పచ్చగా కనిపించేది. ఆ ఆమోదం పాత మ్యాటర్‌కో, కొత్త మ్యాటర్‌కో అది చెప్పేది కాదు.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ప్రెస్ కాస్త ఖాళీ. అప్పుడు కూర్చుని పాత ఆర్డర్లు, మేము మళ్లీ అచ్చువేసిన ప్రతి పనీ తీసి చూశాను. ప్లేట్ దగ్గరో మిషన్ దగ్గరో వరుస తప్పి నష్టపోయిన పని ఒక్కటీ కనిపించలేదు. అన్నీ మ్యాటర్ మా చేతికి వచ్చేటప్పుడే తప్పిపోయినవి. ఒకరి పేరు ఒక ఫోనులో, ఫొటో ఇంకో ఫోనులో, ముహూర్తం మూడో చోట. ఎక్కడో లోపలి మెట్లకు కాపలా పెట్టాం, గుమ్మం వదిలేశాం.

అందుకే సాఫ్ట్‌వేర్ ఆపేశాం. ఇప్పుడున్నది ఒక గూగుల్ ఫారం. మీరు నింపి పంపితే మా కంప్యూటర్‌లో ఒక షీట్‌లో ఒక వరుసగా వచ్చి పడుతుంది, ఎప్పుడు పంపారో టైముతో సహా. మీరు జత చేసిన ఫొటోలు ఒకే ఫోల్డర్‌లోకి చేరతాయి. డీటీపీ ఆపరేటర్ ఆ వరుస చూసి మాత్రమే టైప్ చేస్తాడు. ఎవరి ఫోనూ చూడడు, నా ఫోను కూడా.

ఫారం చిన్నదే కానీ దాన్ని తయారుచేయడం చిన్న పని కాలేదు. మొదటిసారి ముహూర్తానికి ఒకే తేదీ గడి పెట్టాను. వారంలోనే ప్రూఫ్ దగ్గర ఒక పొరపాటు పట్టుకున్నాం. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, క్యాలెండర్ తేదీ అర్ధరాత్రికే మారిపోతుంది. గురువారం రాత్రి 1-47కు ముహూర్తం అంటే పంతులుగారి లెక్కలో ఇంకా గురువారమే, క్యాలెండర్‌లో శుక్రవారం. అందుకే కార్డు మీద "తెల్లవారితే శుక్రవారం" అని వేస్తాం. ఇంట్లో అబ్బాయి ఫోనులో గురువారం తేదీ నొక్కి, టైము 1-47 అని పెడితే అది బుధవారం అర్ధరాత్రి దాటాక అయింది. ముహూర్తం ఒక రోజు ముందే పడింది! ఇప్పుడు పంచాంగం ప్రకారం వారం వేరుగా, క్యాలెండర్ తేదీ వేరుగా అడుగుతున్నాం. లగ్నపత్రిక ఫొటో తప్పనిసరి. ఈ మూడూ కలవకపోతే మేమే మీకు ఫోన్ చేస్తాం.

ఇంకో గడి కీ.శే. గురించి. తాతగారు, నానమ్మగారు, అమ్మమ్మగారు, ఒక్కొక్కరి పేరు పక్కన ఉన్నారా, కీర్తిశేషులా అని టిక్ పెట్టమని అడుగుతున్నాం. అడగడానికి మనసొప్పలేదు. కానీ ఈ ఒక్క విషయంలో పొరపాటు జరిగితే ఆ ఇంటికి ఎంత బాధో మేము చూశాం. దయచేసి ఆ ప్రశ్నను వదిలేయకండి.

పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మీరే రాయండి. శిరీషను ఎన్ని స్పెల్లింగులతో రాస్తారో మీకు తెలుసు, ఆధార్‌లో ఉన్నది ఒకటి, ఇంట్లో రాసుకునేది ఒకటి. ఏది వేయాలో మేము ఊహించకూడదు. తెలుగు మాత్రం ఫోను కీబోర్డుతోనే టైప్ చేయండి. ఇంతకుముందు వేరే చోట డీటీపీ చేయించిన పాత మ్యాటర్‌ను కాపీ చేసి పెడుతున్నారు కొందరు. అది డీటీపీలో వాడే 'అను' అనే తెలుగు ఫాంట్లలో చేసినదైతే ఫారంలోకి వచ్చేసరికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా మారిపోతుంది, ఎందుకంటే ఆ ఫాంట్లు ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ తెలుగు అక్షరాలను ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతిలో పనిచేయవు. అలాంటి మ్యాటర్ ఉంటే కార్డు ఫొటో జతచేయండి, మేము చూసి టైప్ చేస్తాం.

ఫొటోల సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిన్నదైపోతుంది. ఫోనులో బాగానే కనిపిస్తుంది, కాగితం మీద మసకగా వస్తుంది. 4 అంగుళాలకు 6 అంగుళాల ఫొటో శుభ్రంగా అచ్చు రావాలంటే 1200కు 1800 పిక్సెళ్లు ఉండాలి. ఫారంలో జతచేస్తే ఒరిజినల్ ఫైలే మాకు వస్తుంది.

ఫారంతోనూ ఒక ఇబ్బంది ఉంది. ఫైలు జతచేయాలంటే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు అది ముందే ఉంటుంది, లేనివాళ్లు ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మా అమ్మాయి కౌంటర్‌లో మీ బదులు ఫారం నింపి మీకు చదివి వినిపిస్తుంది. పెద్దవాళ్లు ఫారం కోసం ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు, నేరుగా షాపుకు రండి.

మార్పులకు వేరే చిన్న ఫారం పెట్టాం. ఆర్డర్ నంబరు, ఏది మారాలి, ఎలా ఉండాలి, మూడే గడులు. మొదటి ఫారంలోనే దిద్దుకునే వీలు ఇవ్వచ్చు, కానీ అప్పుడు పాత జవాబు స్థానంలో కొత్తది కూర్చుంటుంది, ఏం మారిందో మాకు కంటికి ఆనదు. నా ఫోనుకు మెసేజ్ పెడితే నేను ఆ ఫారం లింకు తిరిగి పంపుతాను. మొహమాటం లేకుండా అలా చేస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

ప్రూఫ్ మాత్రం పాత పద్ధతే. పీడీఎఫ్ పంపుతాం, లేదా షాపులో కాగితం మీద చూపిస్తాం. ఇంట్లో ఇద్దరు చదివి, ఓకే అని రాసి పంపితేనే ప్లేట్‌కు వెళ్తుంది.

మీ ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు, పిల్లల ఫొటోలు మా దగ్గర ఎన్నాళ్లుంటాయని కొందరు అడిగారు, అడగవలసిన ప్రశ్నే. ప్రెస్ కోసం వేరే అకౌంట్ తెరిచాం, అది నా దగ్గర, డీటీపీ ఆపరేటర్ దగ్గర మాత్రమే తెరుచుకుంటుంది. డెలివరీ అయిన 90 రోజులకు ఫొటోలు, అడ్రసులు తీసేస్తాం. కార్డు డిజైన్ ఒక్కటే ఉంచుకుంటాం, తమ్ముడి పెళ్లికి అదే మోడల్ కావాలని వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి.

శ్రావణం ఆర్డర్లు ఇప్పటికే మొదలయ్యాయి. ఫారం లింకు షాపు గోడ మీద క్యూఆర్ కోడ్‌గా అతికించాం, అడిగితే వాట్సాప్‌లోనూ పంపుతాం. షాపుకు వచ్చేవాళ్లు పంతులుగారు రాసిచ్చిన లగ్నపత్రిక మర్చిపోకుండా వెంట తెచ్చుకోండి.