సొరోరిటీ లెక్కల్లో జారిపోయేవి

సంపాదకులకు,

అమెరికాలో చదివే మన అమ్మాయిలు చాలామంది సొరోరిటీల్లో, అంటే కాలేజీ విద్యార్థినుల సంఘాల్లో, చేరుతున్నారు. దక్షిణాసియా విద్యార్థినుల కోసం టెక్సాస్‌లో 1998లోనే రెండు పుట్టాయి. చిన్న చాప్టర్ (ఒక కాలేజీలోని శాఖ) ఖజానా ఎక్కడ దెబ్బతింటుందో ఆ పిల్లలకూ తల్లిదండ్రులకూ తెలియాలి.

ఉదాహరణకు 20 మంది సెమిస్టరుకు 250 డాలర్ల చొప్పున కడితే 5,000 వస్తుంది. మే నెలలో ఎనిమిది మంది పట్టా పుచ్చుకుని వెళ్తే వచ్చేది 3,000. హాలు అద్దె మాత్రం తగ్గదు. అందుకే బడ్జెట్‌ను నిరుటి సంఖ్యతో కాక, వచ్చే ఏడాది కచ్చితంగా ఉండేవారి సంఖ్యతో వేయాలి. కనీసం ఒక సెమిస్టరు ఖర్చు నిల్వ ఉంచాలి.

అసలు ప్రమాదం కోశాధికారి మారినప్పుడు. ఏటా వసూళ్లు సాధారణంగా 50,000 డాలర్లు మించని చాప్టర్ అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఆన్‌లైన్‌లో 990-ఎన్ అనే చిన్న వార్షిక ఫారం పంపితే చాలు. లెక్కల సంవత్సరం జూన్ 30న ముగిస్తే గడువు నవంబరు 15. పది నిమిషాల పని! కానీ లాగిన్ పాత కోశాధికారి ఈమెయిల్‌తో ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు. వరుసగా మూడేళ్లు పంపకపోతే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము.

ఆ ఫారంలో జమాఖర్చులుండవు కాబట్టి నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంట్‌ను ఇద్దరు సరిచూడాలి. చందాలు ఎవరి సొంత ఖాతాలోకీ రాకూడదు. చాప్టర్ పన్ను చట్టంలో సోషల్ క్లబ్బులకు వర్తించే 501(సి)(7) సెక్షన్ కింద ఉంటే దానికిచ్చే విరాళంపై దాతకు పన్ను రాయితీ రాదు. ఆ మాట ముందే చెప్పాలి.

- ఒక పాఠకురాలు, టెక్సాస్