చప్పుడు తక్కువ సింబల్స్ సెట్టుపై ఫిర్యాదు: జీరపోయే హై-హ్యాట్, చీలిన క్రాష్, అర్థం లేని 80 శాతం

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: చిల్లుల సింబల్స్ రెండు సెట్లలోని లోపాలు, మార్పిడి, కరపత్రం సవరణ గురించి.

అయ్యా / అమ్మా,

పక్క గదుల్లో పాఠాలు నడుస్తుండగానే డ్రమ్స్ సాధన చేసుకోవడానికి మీ చిల్లుల సింబల్స్ (చప్పుడు తగ్గడానికి చిల్లులు పొడిచిన లోహపు పళ్ళేలు) సెట్లు రెండు కొన్నాం. ఒక్కో సెట్టులో పెడల్‌తో మూసి తెరిచే 14 అంగుళాల హై-హ్యాట్ జత, గట్టి దెబ్బలకి వాడే 16 అంగుళాల క్రాష్, తాళం నడిపే 20 అంగుళాల రైడ్ ఉన్నాయి. రైడ్‌లతో మాకు పేచీ లేదు. వాటి బెల్ (నడిమి బుడిపె) స్పష్టంగా పలుకుతోంది, స్టిక్ కొన తగిలిన చప్పుడు విడిగా తెలుస్తోంది. గొడవంతా మిగతావాటితోనే. ఫోన్‌లో రెండుసార్లు చెప్పాం, ఈమెయిల్‌కి ఒక జవాబు వచ్చింది. ఆ జవాబు చూశాక ఇలా వివరంగా రాయక తప్పడం లేదు. బిల్లు నకలు, ఫొటోలు, రికార్డింగులు దీనితో జతచేశాం.

ముందు హై-హ్యాట్ సంగతి. పెడల్ నొక్కితే ‘చిక్’ అని పొడిగా తెగాలి. మొదటి సెట్టులోని జతకి అలా తెగదు, వెనకాలే ‘జ్‌జ్‌జ్’ అని ఓ జీర సాగుతుంది. సగం తెరిచి వాయిస్తే ఆ జీర ఇక ఆగదు. కింది సింబల్‌ని మందపాటి గాజు పలక మీద బోర్లించి చూశాం. అంచు మూడు చోట్లే ఆనింది. ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చటి రేకుల సాధనం)లోని 0.6 మిల్లీమీటర్ల రేకు ఒకచోట సులువుగా దూరిపోయింది. అదే పలక మీద పై సింబల్‌ని బోర్లిస్తే 0.1 రేకు కూడా దూరలేదు. వంకర ఎక్కడుందో దీంతోనే తేలిపోయింది. అయినా రెండో సెట్టులోని కింది సింబల్‌ని తెచ్చి దీని పైదానితో జత కట్టి చూశాం. జీర మాయమైంది.

సర్దుబాటు లోపమేమోనని మీరు అడుగుతారు కాబట్టి చేసినవి చెబుతాం. రెండు సింబల్స్ మధ్య ఎడం 2 సెంటీమీటర్లు పెట్టాం. పై సింబల్‌ని కడ్డీకి పట్టి ఉంచే క్లచ్ కింది నట్టు గట్టిగా బిగించి, పై ఫెల్ట్ (ఉన్ని మెత్త) దగ్గర మాత్రం సింబల్ కాస్త ఊగేంత వదులు ఉంచాం. కింది సింబల్ కూర్చునే సీట్‌కి ఉండే, దాని వాలు మార్చే టిల్ట్ స్క్రూని పూర్తిగా వదులు చేసి, పావు చుట్టు చొప్పున బిగిస్తూ ఒక్కో దగ్గరా విన్నాం. కింది సింబల్‌ని 45 డిగ్రీల చొప్పున తిప్పుతూ ఎనిమిది స్థానాల్లో వాయించాం. ఒక్క స్థానంలో జీర బాగా తగ్గింది. కానీ కింది సింబల్‌ని పట్టి ఉంచే బిగింపు అంటూ ఏదీ ఉండదు, అది ఫెల్ట్ మీద ఊరికే కూర్చుంటుంది. పది నిమిషాలు వాయిస్తే దెబ్బకి దెబ్బకి జరిగి, జీర మళ్ళీ మొదటికొస్తుంది. స్టాండ్ మార్చినా ఇదే వరస.

మామూలు హై-హ్యాట్‌లో ఇంతటి వంకర ఉన్నా ఎవరూ అంతగా పట్టించుకోకపోవచ్చు, లోహం మోతలో అది కలిసిపోతుంది. మీ సింబల్‌కి ఆ ముసుగు లేదు. చిల్లుల వల్ల గాలిని నెట్టే వైశాల్యం తగ్గుతుంది, రేకు పైకీ కిందికీ ఉన్న గాలి ఒత్తిడి చిల్లుల గుండా సర్దుకుపోతుంది. దాంతో ముఖ్యంగా కింది స్థాయి ధ్వనులు అణిగిపోతాయి, పై స్థాయివి అంతగా అణగవు. అంచులు రాసుకునే జీర ఆ పై స్థాయిలోనే పుడుతుంది. పైగా మనిషి చెవి బాగా పట్టేది 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ధ్వనుల్ని. పిట్ట కొంచెం, కూత ఘనం అన్నట్టు, నాలుగు సింబల్స్ నిమ్మళంగా పలుకుతుంటే పక్క గదిలోవాళ్ళని విసిగించేది ఈ ఒక్క జీరే.

దీనికి మీ సిబ్బంది చెప్పిన మందు: కింది సింబల్ అంచుకి నాలుగు చోట్ల టేపు అంటించమని. అంటించాం. జీర తగ్గింది, దాంతోపాటు ‘చిక్’ కూడా పోయి అట్టపెట్టె మూసిన చప్పుడు మిగిలింది. టేపు చిల్లుల్ని కప్పేస్తుంది, పల్చటి రేకు మీద బరువు పెంచుతుంది, స్టిక్ తగిలినచోట రెండు రోజుల్లో నలిగి జిగురు చిల్లుల్లోకి దిగుతుంది. టేపుతోనే సరిపెట్టుకునేవాళ్ళమైతే మామూలు సింబల్స్ మీద రబ్బరు మ్యూట్‌లు వేసుకుంటే చాలదా!

రెండు సెట్లలోనూ ఇంకో లోపం ఉంది, అది చేతికే తెలుస్తుంది. చిల్లులు పొడిచిన వైపు నునుపుగా ఉంది, రెండో వైపు అంచులు లేచి గరుకుగా ఉన్నాయి. దూది ఉండని మెల్లగా రాస్తే పోగులు చిక్కుకుని తెల్లటి గీతలా నిలబడతాయి, ఏ చిల్లు సరిగ్గా అరగదీయలేదో వేలు పెట్టి చూపించొచ్చు. క్రాష్‌ల మీదైతే ఆ గరుకు వైపు పైకే వచ్చింది. హికరీ స్టిక్‌ల కొనలు వారం తిరక్కుండానే పీచు లేస్తున్నాయి.

ఇక పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న ‘80 శాతం తక్కువ చప్పుడు’. దేనిలో 80 శాతం? ధ్వని శక్తిలో అయితే అది 7 డెసిబెల్స్ తగ్గుదల. ధ్వని పీడనంలో అయితే 14. చెవికి వినిపించే బిగ్గరతనంలో అయితే, 10 డెసిబెల్స్ తగ్గితే సగమైనట్టు తోస్తుందనే మామూలు లెక్క ప్రకారం, 23 దాకా తగ్గాలి. ఒకే మాట వెనుక 7 నుంచి 23 దాకా చోటుంది! కొనేవాళ్ళు చదివేది మాత్రం మూడో అర్థంలోనే.

అందుకని మేమే కొలిచి చూశాం. ఒకే గది, ఒకే స్టాండ్, ఒకే 5ఏ (మధ్యరకం మందం) స్టిక్. స్టిక్ కొసని 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలినట్టు కొట్టి, మీటరు దూరంలో చెవి ఎత్తున ఏ-వెయిటింగ్‌లో (చెవి వినే తీరుకి సర్దిన కొలతలో) గరిష్ఠ స్థాయి తీసుకుని, 20 దెబ్బల సగటు కట్టాం. అదే సైజు మామూలు సింబల్‌తో పోలిస్తే మీ క్రాష్ 14 డెసిబెల్స్ తక్కువ పలికింది. నిజం చెప్పాలంటే అది మంచి ఫలితమే. కానీ చెవికి అది దాదాపు 60 శాతం తగ్గినట్టే, 80 కాదు. జీరపోతున్న హై-హ్యాట్‌లో తేడా 8 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోయింది. శాతం తీసేసి, ఎంత దూరంలో, ఏ స్టిక్‌తో, ఎలా కొడితే ఎన్ని డెసిబెల్స్ అని రాస్తే కొనేవాళ్ళకి ఉపయోగం, మీకూ మాట పడాల్సిన పని ఉండదు.

ఇప్పుడు చీలిన క్రాష్. మొదటి సెట్టుదే, మూడో వారంలో చీలింది. అంచు నుంచి లెక్కపెడితే మొదటి వరసలో రెండు చిల్లులు దగ్గర దగ్గరగా జరిగి పడ్డాయి. వేరేచోట్ల చిల్లుకీ చిల్లుకీ మధ్య 3 మిల్లీమీటర్ల రేకు ఉంటే, అక్కడ 1 మిల్లీమీటరే ఉంది. చీలిక పుట్టింది సరిగ్గా అక్కడే. పక్క చిల్లు దాకా పోయి ఆగింది, తర్వాత దాని అవతలి వైపు నుంచి మళ్ళీ మొదలై రెండో వరసకి పాకింది. మామూలు సింబల్‌కైతే చీలిక కొసన చిన్న రంధ్రం వేసి దాన్ని ఆపే ప్రయత్నం చేస్తాం. ఇక్కడ ప్రతి చిల్లూ అలాంటి రంధ్రమే, అయినా ఆగలేదు.

‘అతిగా బిగించడం వల్ల వచ్చిన చీలికకి వారంటీ వర్తించదు’ అని మీ జవాబు. అతిగా బిగిస్తే ఆ గుర్తులు బెల్ దగ్గర కనిపించాలి. స్టాండ్ కడ్డీకి తొడిగే స్లీవ్ లేకుండా పెడితే నడిమి రంధ్రం ఒకవైపు అరిగి తాళంచెవి రంధ్రంలా సాగాలి. ఫొటోలో చూడండి, రంధ్రం గుండ్రంగానే ఉంది, బెల్ మీద ఫెల్ట్ అచ్చు కూడా పడలేదు. నైలాన్ స్లీవ్ వేసి, కింద ఒకటి పైన ఒకటి ఫెల్ట్ పెట్టి, సింబల్ స్వేచ్ఛగా ఊగేంత వదులుగానే వింగ్ నట్ తిప్పాం.

మాకు నిజంగా కోపం తెప్పించింది దీని తర్వాతిది. మీ పెట్టెలోని కరపత్రం మూడో బొమ్మ కింద ఇలా ఉంది: ‘చప్పుడు ఇంకా తగ్గాలంటే సింబల్ కదలకుండా వింగ్ నట్ గట్టిగా బిగించండి.’ అంటే కరపత్రం చెప్పినట్టు చేసినవాళ్ళకి వారంటీ కార్డు ప్రకారం వారంటీ లేదు. చేయనివాళ్ళకీ, మా అనుభవం ప్రకారం, దొరకడం లేదు. ఆ వాక్యం సాంకేతికంగానూ తప్పే. దెబ్బ తగిలినప్పుడు సింబల్ ఊగి ఆ బలాన్ని వదిలించుకోవాలి. కదలకుండా బిగిస్తే బలమంతా రేకులోనే, చిల్లుల మధ్య సన్నటి చోట్లలోనే పడుతుంది.

అదే కరపత్రంలో ఇంకో ముఖ్యమైన మాట లేదు. ఈ సింబల్స్‌ని మామూలు తలలు (పైన బిగించే పొరలు) ఉన్న డ్రమ్స్‌తో కలిపి వాయిస్తే సింబల్ వినపడదు, వినపడక గట్టిగా కొడతారు, గట్టిగా కొడితే చీలుతుంది. మెష్ హెడ్స్ (చప్పుడు తగ్గించే జాలీ తలలు)తో గానీ ప్రాక్టీస్ ప్యాడ్లతో గానీ వాడమని మొదటి పంక్తిలోనే రాయాలి. బాస్ డ్రమ్ పెడల్ దెబ్బ నేల గుండా కింది అంతస్తుకి పోతుందనీ, దానికి సింబల్స్ చేయగలిగింది ఏమీ లేదనీ కూడా ఒక ముక్క చేర్చండి. మీ పెట్టె మీద అర్ధరాత్రి చంద్రుడి బొమ్మ ఉంది మరి.

మేము అడిగేది: మొదటి సెట్టు హై-హ్యాట్ జత, క్రాష్ రెండూ మార్చి ఇవ్వండి. రెండో సెట్టు చిల్లుల గరుకు మీ ఖర్చుతో అరగదీయించండి, కుదరకపోతే ఆ సెట్టు కూడా మార్చండి. రానుపోను రవాణా ఖర్చు మీదే. పంపే ముందు కొత్త హై-హ్యాట్‌లో రెండు సింబల్స్‌నీ సమతల పలక మీద బోర్లించి 0.1 మిల్లీమీటర్ల రేకు దూరదని చూసుకోండి. క్రాష్ చుట్టూ అంచు వరసలో చిల్లుల ఎడం ఒకసారి కొలవండి, ఐదు నిమిషాల పని. కరపత్రంలోని ఆ వాక్యాన్ని ఎప్పటికి తీసేస్తారో రాతపూర్వకంగా చెప్పండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు ఆశిస్తున్నాం. చీలిన క్రాష్‌ని, వంకర హై-హ్యాట్‌ని మధ్యలో గుడ్డ వేసి అసలు పెట్టెలోనే భద్రంగా ఉంచాం. తీసుకెళ్ళడానికి వచ్చేవారి చేత రసీదు పంపండి.

ఇట్లు,
సాధన గదుల నిర్వాహకులు