జ్వరం మందు పట్టించి బడికి పంపకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వానలతో పాటే దగ్గులూ జ్వరాలూ వచ్చేశాయి. సైన్స్ ఫెయిర్ సంగతులు వచ్చే నెల రాస్తాను, ముందు ఇది చెప్పాలి.

పొద్దున్నే పిల్లాడి ఒళ్లు వెచ్చగా ఉంటుంది. స్లిప్ టెస్ట్ పోతుందనో, ఇంట్లో చూసుకునేవాళ్లు లేరనో పారాసెటమాల్ సిరప్ పట్టించి వ్యాన్ ఎక్కించేస్తున్నారు. ఆ మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలే. ప్రేయర్‌లో బాగానే నిలబడతాడు, లంచ్ బెల్ కొట్టే వేళకి బెంచీ మీద తల వాల్చేస్తాడు, ఆయమ్మ నుదుటి మీద చెయ్యి పెడితే కాలిపోతూ ఉంటుంది. ఈలోపు పక్కవాడి బాటిల్ ఎంగిలి చేసి తాగడం, ఒకే డబ్బాలో ఇద్దరూ తినడం అన్నీ అయిపోతాయి. రెండు మూడు రోజులకి ఆ పక్కవాడూ రాడు.

అందుకని, మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపండి. టెస్ట్ మళ్లీ పెడతాం, మార్కులు కొయ్యం, అటెండెన్స్ గురించి టెన్షన్ వద్దు, ఆఫీసుకి ఒక ఫోన్ చేసి చెబితే చాలు. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లలో ఇదెంత కష్టమో నాకు తెలుసు, అమ్మమ్మావాళ్లు ఊళ్లో ఉంటారు, సెలవు అడిగితే పైవాళ్లు మొహం ముడుచుకుంటారు. అయినా ఇదే అడుగుతున్నాను.

కండ్లకలకకీ ఇదే మాట. 2023 వానాకాలంలో అది ఎలా పాకిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. కళ్లలోకి చూస్తే అంటుకోదు, కళ్లు నులిమిన చేతులతోనూ, తుడుచుకున్న రుమాలుతోనూ అంటుకుంటుంది. నల్లకళ్లద్దాలు పెట్టి పంపితే లాభం లేదు.

డెంగీ సంగతి వేరు, అది దోమ మోసుకొచ్చేది. ఏడిస్ దోమ ఎక్కువగా కుట్టేది పగలే, అంటే సరిగ్గా బడి వేళల్లో. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టే వారానికోసారి, శుక్రవారం, నిలవ నీళ్లు పారబోసే డ్రై డే అంటున్నది. వాటర్ కూలర్ కింది ట్రే, పూలకుండీల కింది పళ్లేలు మేం ప్రతి శుక్రవారం ఖాళీ చేయిస్తున్నాం. పారబోస్తే సరిపోదు, గుడ్లు అంచులకి అతుక్కుని ఎండినా బతికే ఉంటాయి, తోమాలి. ఇంట్లో ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా చూడండి, అవి ఎవరికీ గుర్తురావు. ఈ సీజన్ అయ్యేదాకా నిక్కర్లు, స్కర్టుల బదులు ట్రాక్ ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా వేసి పంపొచ్చు, యూనిఫాం కాదని పీఈటీ సారు ఏమీ అనరు.

డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వెయ్యకండి. జ్వరం తగ్గింది కదా అని ధీమా వద్దు, కొందరికి ప్రమాదం మొదలయ్యేదే అప్పుడు. గట్టిగా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా బొప్పాయి ఆకు రసం తాగిస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చివరిగా, డైరీలో మీరిచ్చిన నంబర్లలో కొన్ని స్విచాఫ్ వస్తున్నాయి. పిల్లాడికి ఒంట్లో బాలేకపోతే వచ్చి తీసుకెళ్లగలిగే ఇంకొకరి నంబరు, బాబాయిదైనా పక్కింటివాళ్లదైనా సరే, వాళ్లని అడిగి మరీ ఈ సోమవారంలోగా రాసి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు