చిప్పునే అడుగు, పేరు చెబుతుంది

ఒరేయ్ బావా,

బళ్లో పిల్లలకి నేర్పడానికి ఐదు ఆర్డుయినో నానో బోర్డులు (ప్రోగ్రాం రాసి ఎక్కించుకునే చిన్న సర్క్యూట్ బోర్డులు) కొంటే మూడే పనిచేస్తున్నాయని, మిగతా రెండూ గుచ్చితే కంప్యూటర్లో పోర్టు కనిపించడం లేదని రాశావు. వాటిని పారేయకు రా. బోర్డులు బాగానే ఉండి ఉంటాయి. ఆ రెండింటి మీద ఉన్న యూఎస్‌బీ చిప్పు (కంప్యూటర్‌కీ బోర్డుకీ మధ్య మాటలు చేరవేసేది) వేరే రకమై, నీ కంప్యూటర్లో దానికి డ్రైవర్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, లేదేమోనని నా అనుమానం.

ముందు కేబుల్ మార్చి చూడు. చార్జింగ్ కోసమే చేసిన చౌక కేబుళ్లు కొన్నింటిలో డేటా తీగలు ఉండవు. బోర్డు మీద లైటు వెలుగుతుంది కాబట్టి కేబుల్ మీద మనకి అనుమానం రాదు. పోయిన వేసవిలో నాకు ఒక సాయంత్రమంతా అలాగే పోయింది.

చిప్పు మీద అక్షరాలు కనిపించట్లేదని భూతద్దంతో తంటాలు పడుతున్నావు కదా, వాటి మీద అంత నమ్మకం పెట్టుకోకు. కొన్నింటిలో అరగదీసి ఉంటాయి, కొన్నింటిలో అసలు ముద్రే ఉండదు. చిప్పునే అడగడం మేలు. యూఎస్‌బీకి గుచ్చగానే ప్రతి పరికరమూ రెండు నంబర్లు చెబుతుంది. మొదటిది తయారీదారుది, రెండోది ఆ వస్తువుది. మన ఇంటిపేరు, పేరు లాగా అనుకో. డ్రైవర్ లేకపోయినా ఈ రెండూ చెప్పి తీరుతుంది, మనకి కలిసొచ్చేది అదే. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు గుర్తు ఉన్నదాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి, హార్డ్‌వేర్ ఐడీస్ చూడు. లినక్స్‌లో అయితే టెర్మినల్లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) అని కొడితే చాలు.

1ఏ86, 7523 వస్తే అది సీహెచ్340. చైనాలోని నాన్‌జింగ్‌లో ఉన్న డబ్ల్యూసీహెచ్ అనే కంపెనీ వాళ్లది. నీ రెండూ ఇవే అయ్యుంటాయి. దీంట్లో చివర జీ ఉన్న రకానికి పక్కన 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (చిప్పుకి గడియారంలా లయ చూపే చిన్న భాగం) కావాలి, సీ రకానికి ఆ గడియారం లోపలే ఉంటుంది. కాబట్టి క్రిస్టల్ లేదని చూసి బోర్డులో ఏదో తక్కువైందని టెన్షన్ పడకు. 10సీ4, ఈఏ60 అయితే సిలికాన్ ల్యాబ్స్ సీపీ2102. 0403, 6001 అయితే ఎఫ్‌టీడీఐ వాళ్ల ఎఫ్‌టీ232.

రేపు ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న ఇంకో రకం) బోర్డులు కొంటే ఒక తిరకాసుంది. సీపీ2102 లాగే కాళ్లు బయటికి కనిపించని చదరపు చిప్పు ఉంటుంది, సీపీ డ్రైవర్ ఎన్నిసార్లు ఎక్కించినా పోర్టు రాదు. నంబరు చూస్తే 1ఏ86, 55డీ4. అంటే సీహెచ్9102. ఇంటిపేరు డబ్ల్యూసీహెచ్ వాళ్లది కాబట్టి డ్రైవరూ వాళ్ల దగ్గరే తీసుకోవాలి.

అయితే నంబర్లు కూడా అబద్ధం చెప్పే సందర్భం ఒకటుంది. ఎఫ్‌టీ232కి నకిలీలు చేసినవాళ్లు దాని నంబర్లే పెట్టారు. 2014లో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవర్, నకిలీ అని తేలిన చిప్పులో రెండో నంబర్ని 0000గా మార్చేసింది. అసలో నకిలీయో తెలియకుండా కొన్నవాళ్ల పరికరాలు పనిచేయడం మానేశాయి. పెద్ద గొడవై ఆ డ్రైవర్ని వెనక్కి తీసుకున్నారు. నకిలీ చేయడం తప్పే. కానీ ఏ పాపం తెలియని మనిషి వస్తువుని చెడగొట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు రా.

డ్రైవర్ పడ్డాక చిప్పు నిజంగా పనిచేస్తోందా అని చూడాలంటే, నానో మీద రీసెట్ అని ఉన్న కాలుని గ్రౌండ్‌కి కలుపు, అప్పుడు బోర్డు మీది అసలు చిప్పు మధ్యలో అడ్డురాదు. టీఎక్స్‌ని (పంపే కాలు) ఆర్ఎక్స్‌కి (అందుకునే కాలు) ఇంకో చిన్న వైరుతో కలుపు. ఆర్డుయినో ప్రోగ్రాంలోని సీరియల్ మానిటర్లో ఏదైనా కొట్టి పంపు. పంపిందే తిరిగొస్తే యూఎస్‌బీ వైపంతా బాగున్నట్టే.

ఇంకోటి, మామూలు సీహెచ్340కి ఒక్కోదానికి వేరే సీరియల్ నంబర్ ఉండదు. ఐదూ ఒకేసారి గుచ్చితే ఏది ఏ పోర్టో తెలియక పిల్లలు తికమకపడతారు. ఒక్కొక్కటే గుచ్చి, దాని చిప్పు పేరు చీటీ మీద రాసి బోర్డు వెనక అంటించు.

ఆ రెండింటి నంబర్లూ ఫొటో తీసి పంపు. శనివారం సాయంత్రం ఖాళీగానే ఉంటాను, బోర్డు గుచ్చి పెట్టుకుని ఫోన్ చెయ్యి. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

ఉంటాను రా.