గదిలో నీళ్లకు పూచీ ఎవరిది?

సంపాదకులు గారికి,

హోటల్ అనగానే మనకు గుర్తొచ్చేది ఇడ్లీ, బిర్యానీ. చట్టానికీ అంతేలా ఉంది. తిండి వికటించి మనిషి పోతే, 2006 నాటి ఆహార భద్రత చట్టం 65వ సెక్షన్ కింద వారసులకు కనీసం 5 లక్షల పరిహారం రావాలి. 2024 అక్టోబరులో మన తెలంగాణలో పచ్చిగుడ్ల మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించారు కూడా. మంచిదే. మరి గదిలో స్నానం చేసినందుకు జబ్బు వస్తే?

నిరుడు చలికాలంలో పెళ్లికని ఖమ్మం నుంచి వచ్చిన మా బాబాయికి హైదరాబాద్‌లో ఒక హోటల్లో గది తీసుకున్నాం. షవర్ తిప్పితే తుప్పు రంగు నీళ్లు. ‘కాసేపు వదిలేయండి సార్, చాన్నాళ్ల తర్వాత తెరిచాం ఈ గది’ అన్నాడట రూమ్ బాయ్. ఊరెళ్లిన ఐదో రోజున జ్వరం, తొమ్మిదో రోజున వెంటిలేటర్. చివరికి ఆయన పోయాక ఆస్పత్రి ఇచ్చిన కాగితంలో ‘న్యుమోనియా’ అని ఒక్క మాట. డెబ్భై ఏళ్ల మనిషి, పైగా చుట్ట అలవాటు. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా గురించి నేను చదివింది ఆ తర్వాతే. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక పెద్ద హోటల్లో సభకు వెళ్లొచ్చిన మాజీ సైనికుల్లో 29 మంది చనిపోయారు. కారణం ఈ బ్యాక్టీరియాయే అని తేలింది 1977 జనవరిలో. నిలవున్న గోరువెచ్చని నీళ్లంటే దానికి ప్రీతి: వాడని పైపులు, వేడినీళ్ల ట్యాంకులు, ఏసీ కూలింగ్ టవర్లు. తుంపరలతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జబ్బు బయటపడడానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది కాబట్టి, అప్పటికి మనిషి ఇంటికి చేరి ఉంటాడు. మూత్ర పరీక్షతో చాలావరకు పట్టుకోవచ్చు. కానీ ‘ఈ మధ్య ఎక్కడైనా హోటల్లో దిగారా?’ అని డాక్టరు అడగాలి కదా! మమ్మల్ని ఎవరూ అడగలేదు.

హోటల్‌దే తప్పని నేననడం లేదు. అవునో కాదో తేల్చుకునే దారే లేదన్నది నా గోడు. అమెరికాలో ఇలాంటి చావులపై కుటుంబాలు దావాలు వేస్తున్నాయి. అక్కడ ఆరోగ్య శాఖ హోటల్ నీళ్లలో దొరికినదీ రోగి కఫంలో దొరికినదీ ఒకటేనా అని పోల్చి చూస్తుంది. మా పిన్ని చేతిలో ఉన్నది గది రసీదు ఒక్కటే.

వకీలు ఓపిగ్గానే చెప్పారు. 2019 వినియోగదారుల చట్టం కింద వారసులూ ఫిర్యాదు చేయొచ్చు, ఖమ్మంలోనే వేయొచ్చు, మా గది బిల్లు చిన్నది కాబట్టి ఫీజు కూడా ఉండదు, గడువు రెండేళ్లు. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టమూ ఉందట. ‘అన్నీ ఉన్నాయమ్మా, రుజువేది?’ అన్నారు పిన్నితో. మేం హోటల్‌కు వెళ్లేసరికి రెండు నెలలైంది. ట్యాంకు ఎప్పుడు కడిగారో రాసే పుస్తకం ఉందా అంటే మేనేజరు నవ్వాడు.

ఆ పుస్తకమే నేను అడిగేది. ట్యాంకులు, కూలింగ్ టవర్లు కడిగిన తేదీలు, నీటి పరీక్ష ఫలితాలు చూపిస్తేనే జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ చేయాలి. ఖాళీ గదుల్లో వారానికోసారి కుళాయి వదలడానికి ఎంత ఖర్చవుతుంది?

పిన్నికి గడువు ఇంకా ఏడాది పైనే ఉంది. రసీదు బీరువాలో, బాబాయి కళ్లజోడు పెట్టెలో దాచింది.

– ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్